నాలుగు లక్షలతో సెన్సరీ రూమ్ పెట్టించమంటారా?

ప్రశ్న: మేడమ్, తణుకు దగ్గర ఒక ఊళ్లో ప్లే స్కూల్ నుంచి ఐదో తరగతి దాకా చిన్న స్కూల్ నడుపుతున్నాను. సాయంత్రం ఆరింటి దాకా డేకేర్ కూడా ఉంది. మొత్తం 140 మంది పిల్లలు. వాళ్లలో ఒక బాబుకు ఆటిజం. ఒక పాపకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు అదుపులో లేకపోవడం), వీల్‌చెయిర్‌లో వస్తుంది. ఒకటో తరగతి బాబుకు కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి కోసం ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే పరికరం) ఉంది. ఇంకో పాపకు ఫిట్స్, మందులు వాడుతున్నారు. మా పూర్వ విద్యార్థులు కొందరు అమెరికా నుంచి నాలుగు లక్షలు పంపుతామన్నారు, “స్పెషల్ పిల్లలకి ఏదైనా చెయ్యండి” అని. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లు వచ్చి, మా స్టోర్ రూమ్ చూసి, సెన్సరీ రూమ్‌కి, అంటే చూడటానికి, తాకడానికి, వినడానికి రకరకాల వస్తువులు అమర్చిన గదికి, కొటేషన్ ఇచ్చారు. బబుల్ ట్యూబ్, రంగు లైట్ల కర్టెన్, బాల్ పూల్, గోడలకు మెత్తటి ప్యాడింగ్, ఏసీ. రోజూ మూడింటికి ఆ నలుగురినీ అక్కడ ఆడిస్తే సేఫ్‌గా ఉంటారని మా ఆలోచన. గ్రౌండ్‌లో మిగతా పిల్లలు తోసేస్తారని భయం. కొందరు పేరెంట్స్ మాత్రం “నలుగురి కోసం అంత ఖర్చా” అంటున్నారు. సంతకం పెట్టమంటారా?
– ఒక స్కూల్ కరస్పాండెంట్

జవాబు: నమస్కారం అమ్మా. సంతకం పెట్టకండి. కనీసం ఈ కొటేషన్ మీద పెట్టకండి.

డబ్బు పంపేవాళ్ల మనసు మంచిది, మీ ఆలోచనా మంచిదే. కానీ ఆ గది కడితే జరిగేది ఇది. నలుగురు పిల్లలు రోజూ మూడింటికి మిగతా 136 మంది నుంచి విడిపోయి ఒక స్టోర్ రూమ్‌లోకి వెళ్తారు. ఆ గది బయట వాళ్లను ఇబ్బంది పెడుతున్నవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ముప్పావు గంట హాయిగా ఉండి, మిగతా రోజంతా చెవులు మూసుకుని గడపాల్సి వస్తే ఆ బాబుకు బడి ఏం మేలు చేసినట్టు? వీల్‌చెయిర్ పాపకు మెత్తటి గోడలు దొరుకుతాయి గానీ, ఆడుకోవడానికి స్నేహితులు దొరకరు.

ఇలాంటి గదులు ఎక్కడ పుట్టాయో తెలిస్తే మీకే అర్థమవుతుంది. 1970లలో నెదర్లాండ్స్‌లో హార్టెన్‌బర్గ్ అనే కేంద్రంలో, తీవ్రమైన మేధో వైకల్యంతో ఏళ్ల తరబడి సంస్థల్లోనే ఉండిపోయిన వాళ్ల కోసం ఇద్దరు ఉద్యోగులు వీటిని మొదలుపెట్టారు. రోజంతా ఒకే హాల్లో, చేయడానికి ఏమీ లేకుండా గడిపేవాళ్లకు చూడటానికి, తాకడానికి, వినడానికి ఏదైనా ఉండాలని, కాస్త విశ్రాంతి దొరకాలని. ఆ చోటికి అది సరైన ఆలోచనే. మీ బడిలో సమస్య దానికి తలకిందులుగా ఉంది. మీ పిల్లలకు చూసేవీ వినేవీ తక్కువై ఇబ్బంది లేదు. ఎక్కువై, ఎప్పుడు ఏది మీద పడుతుందో తెలియక ఇబ్బంది.

ఈ గదిలో కూర్చోబెడితే ఆటిజం తగ్గుతుందని, ఏకాగ్రత పెరుగుతుందని కంపెనీ వాళ్లు చెప్పి ఉంటే, ఆ మాట నమ్మకండి. సెన్సరీ థెరపీలు ఎంతవరకు పనిచేస్తాయో చెప్పే పరిశోధన చాలా పరిమితంగా ఉందని, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లోనే తన సభ్యులకు సూచించింది. అలాగని ఈ గదుల్లో ఏమీ లేదని కాదు. బ్రిటన్‌లో కార్డిఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 4 నుంచి 12 ఏళ్ల మధ్య ఉన్న 41 మంది ఆటిజం పిల్లలను ఇలాంటి గదిలో గమనించారు. ఒకసారి లైట్లు, శబ్దాల స్విచ్చులు పిల్లల చేతికే ఇచ్చారు. ఇంకోసారి ఇవ్వలేదు. స్విచ్చు తమ చేతిలో ఉన్నప్పుడు పిల్లల ధ్యాస బాగా నిలిచింది, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయడం తగ్గింది.

అమ్మా, ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. వస్తువు ఎంత ఖరీదైనది అన్నదానికంటే, అది ఎంత కావాలో, ఎప్పుడు కావాలో, ఎప్పుడు చాలో పిల్లలు తామే చెప్పుకోగలరా అన్నది ముఖ్యం. లక్షలు పోసి కొన్న బబుల్ ట్యూబ్ రిమోట్ ఎక్కడుంటుంది? బీరువాలో ఉంటుంది. తాళం ఆఫీసులో ఉంటుంది. పాడవుతుందన్న భయంతో పిల్లల్ని ముట్టుకోనివ్వరు. చివరికి పిల్లలు కూర్చుని చూడటమే మిగులుతుంది.

కాబట్టి ముందు రూపాయి ఖర్చు లేని పని ఒకటి చెయ్యండి. బడి మామూలుగా నడిచే రోజున, ఆటిజం ఉన్న బాబు కూర్చునే బెంచీ మీద మీరు ఒక గంట కూర్చోండి. ఫోన్ బయట పెట్టి కూర్చోండి. బెంచీలు ఈడ్చే చప్పుడు, పక్క క్లాసు ఎక్కాలు, రోడ్డు మీద హారన్లు, ఫ్యాన్ కిర్రు, వంటగది మిక్సీ. మనం ఇవన్నీ వింటూనే పట్టించుకోం. ఆ బాబు అలా పక్కన పెట్టలేడు. అన్నీ ఒకే గట్టితనంతో వచ్చి మీద పడతాయి. తర్వాత గది ఖాళీ అయ్యాక మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగాక కూడా గదిలో కంగుమని మోగుతుంటే అదే మీ మొదటి ఖర్చు.

ఎందుకంటే ఆ ప్రతిధ్వని ఇంప్లాంట్ బాబుకు ఇంకా ఎక్కువ నష్టం. మన రాష్ట్రాల్లో ఆరోగ్యశ్రీ పుణ్యమా అని ఎందరో పేద పిల్లలకు ఈ ఆపరేషన్లు అయ్యాయి. ఆపరేషన్ అయిపోతే ఇక వినిపిస్తుందని బడి అనుకుంటుంది. వినిపిస్తుంది, కానీ ఆ చిన్న మైకు టీచర్ గొంతును, గోడలకు తగిలి తిరిగొచ్చే గొంతును, బెంచీల గోలను కలిపి అందిస్తుంది. నాలుగు నున్నటి గోడలు, కింద గ్రానైట్ లేదా టైల్స్, పైన స్లాబ్ ఉన్న గదిలో ఆ పిల్లవాడు మధ్యాహ్నానికే అలసిపోతాడు. మనం అల్లరి అనో, బద్ధకం అనో అంటాం.

దీనికి మందు మీకు దగ్గర్లోనే ఉంది. కోనసీమ నుంచి కొబ్బరిపీచు చాపలు తెప్పించి కింద పరచండి. వెనక గోడకు మందపాటి బట్ట చుట్టిన సాఫ్ట్ బోర్డులు కొట్టించండి, పిల్లల బొమ్మలు అంటించుకోవడానికీ పనికొస్తాయి. కిటికీలకు బరువైన నూలు కర్టెన్లు. బెంచీల కాళ్లకు రబ్బరు బుష్షులు. డబ్బుంటే సీలింగ్‌కు ధ్వనిని పీల్చే షీట్లు వేయించండి, అన్నిటికంటే ఎక్కువ తేడా దానివల్లే. గుడ్ల అట్టలు, థర్మాకోల్ అతికిస్తే చాలని వీడియోల్లో చెబుతుంటారు. వాటివల్ల ప్రతిధ్వని పెద్దగా తగ్గదు, నిప్పంటుకుంటే మాత్రం క్షణాల్లో మండుతాయి. పిల్లలున్న గదిలో అసలు వద్దు. ఒకటో తరగతి రేకుల షెడ్డులో ఉంటే, ఆ తరగతిని స్లాబ్ గదికి మార్చండి. రేకుల మీద వాన పడుతున్నంతసేపూ ఆ బాబుకు పాఠం లేనట్టే.

లైట్ల దగ్గరికి వద్దాం. మీ క్లాసుల్లో ఫ్యాన్‌కు పైన, స్లాబ్‌కు దగ్గరగా ట్యూబ్‌లైట్ ఉందేమో చూడండి. చాలా బడుల్లో అలాగే బిగిస్తారు. ఫ్యాన్ రెక్కలు ఆ లైటును కోస్తూ తిరుగుతాయి, కింద పుస్తకాల మీద నీడ టపటపా కొట్టుకుంటుంది. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకు 15 సార్లు వెలుగు ఆగి వస్తుంది. మనకు అలవాటైపోయి కనిపించదు. ఆటిజం ఉన్న బాబు దాన్నే చూస్తూ ఉండిపోవచ్చు, లేదా భరించలేక తల దించుకోవచ్చు. ఇక ఫిట్స్ పాప సంగతి. మూర్ఛ ఉన్నవాళ్లలో కొద్దిమందికే మెరిసే వెలుతురుతో ఫిట్స్ వస్తాయి. కానీ అలా వచ్చేవాళ్లకు సెకనుకు 3 నుంచి 30 మెరుపుల మధ్య ప్రమాదం ఎక్కువ. ఆ పాపకు అలాంటిది ఉందో లేదో డాక్టర్ గారిని అడిగే లోపే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లైట్లను ఫ్యాన్ల కిందికి, గోడల మీదికి దింపించండి. చౌక ఎల్ఈడీలు కూడా అదురుతాయి. కొనేముందు షాపులో ఫోన్ కెమెరా లైటు మీద పెట్టి చూడండి, స్క్రీన్ మీద చారలు పరిగెడితే అది వద్దు. ఆ కంపెనీ ఇస్తామన్న రంగు లైట్లకూ ఇదే పరీక్ష. పాటకు తగ్గట్టు టకటకా మెరిసే లైట్లయితే మీ బడిలో వాటికి చోటు లేదు.

గోడల గురించి ఒక మాట. ప్రతి అంగుళం మీదా కార్టూన్లు, అక్షరాలు, జంతువులు వేయిస్తేనే పిల్లల బడి అనిపిస్తుందని మనవాళ్ల నమ్మకం. బోర్డు ఉన్న గోడనైనా ఖాళీగా వదిలేయండి. కంటికి కాస్త విశ్రాంతి ఉంటే పాఠం మీద చూపు నిలుస్తుంది. రంగు ఖర్చు పెట్టాల్సింది వేరే చోట ఉంది. మెట్ల అంచులకు, స్తంభాలకు, తలుపు చట్రాలకు వెనకున్న రంగు నుంచి స్పష్టంగా విడిపోయే రంగు వేయించండి. రేపు చూపు తక్కువున్న బిడ్డ మీ బడిలో చేరితే దారి తెలుస్తుంది. మిగతా పిల్లలూ పడిపోవడం తగ్గుతుంది.

వాసనలు కూడా. ఫినాయిల్, బాత్రూమ్‌లో వేలాడదీసే కలరా ఉండలు, తాలింపు ఘాటు. కొందరు పిల్లలు బాత్రూమ్‌కి వెళ్లనని మొండికేసి, సాయంత్రం దాకా ఆపుకుని, ఇంటికెళ్లి ఏడుస్తారు. కారణం ఎక్కువసార్లు ఆ వాసనే, లేదా జారే నేల. ఘాటు లేని సబ్బునీళ్లతో కడిగించండి, గరుకు టైల్స్ వేయించండి, పట్టుకోవడానికి గోడకు కడ్డీ పెట్టించండి.

వీటన్నిటికంటే గంట గురించి చెప్పాలని ఉంది. నేను థెరపిస్టుగా వెళ్లే ఒక బడిలో రెండో తరగతి అమ్మాయి గంట కొట్టినప్పుడల్లా బల్ల కిందికి దూరేది. అక్కడ గంట అంటే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. చెవులకు పెట్టుకునే మఫ్‌లు ఇచ్చి చూశారు, తీసి విసిరేసింది. అప్పుడు అక్కడి ఆయా గంట కొట్టే పని ఆ అమ్మాయికే ఇచ్చింది. మొదట్లో ఇద్దరూ కలిసి సుత్తి పట్టుకునేవాళ్లు. ఆ అమ్మాయి చాలా మెల్లగా, టంగ్‌మని ఒక్క దెబ్బ వేసి, అది పూర్తిగా ఆగేదాకా పట్టా మీద చెయ్యి పెట్టి ఉంచేది. అదురు తగ్గడం అరచేతికి తెలిసేది. తర్వాతే రెండో దెబ్బ. బడి మొత్తానికి గంట చప్పుడు తగ్గింది, ఎవరికీ పీరియడ్ తప్పిపోలేదు. ఆ చప్పుడు ఎప్పుడొస్తుందో, ఎంత వస్తుందో ఇప్పుడు ఆ అమ్మాయికి తెలుసు. ఏ పరికరం కొన్నా, ఏ మూల కట్టినా మీరు చూసుకోవాల్సింది ఇదే.

ఇప్పుడు ప్రశాంతమైన మూల. అది తప్పకుండా కావాలి, కానీ ఆ స్టోర్ రూమ్‌లో వద్దు. కిటికీ లేని గదిలో మే నెలలో కరెంటు పోతే ఏసీ ఆగిపోయి చీకట్లో పిల్లలు ఉంటారు, ఆలోచించండి. లైబ్రరీ గదిలోనో, వరండా చివరో ఒక మంచం పట్టేంత చోటు చాలు. మూడు వైపులా పిల్లల ఎత్తుకు చెక్క అడ్డాలు, నాలుగో వైపు తెరిచి ఉండాలి. పిల్లలకు బయట కనిపించకపోయినా పర్వాలేదు, పెద్దవాళ్లకు మాత్రం పిల్లలు కనిపించాలి. తలుపూ గడియా ఉండకూడదు. లోపల పాత చీరలతో కుట్టిన బొంత, ఒకటి రెండు బరువైన దిండ్లు, ఒక బీన్ బ్యాగ్, లోపలి నుంచే వేసుకునే చిన్న లైటు. 140 మందిలో ఎవరైనా వెళ్లొచ్చు. అమ్మమ్మ పోయిన పిల్లవాడు వెళ్లొచ్చు, నిద్ర చాలని ఎల్‌కేజీ పాప వెళ్లొచ్చు. ఒక్క నియమం మాత్రం టీచర్లందరికీ గట్టిగా చెప్పండి. “అల్లరి చేస్తే ఆ మూలకు పంపిస్తా” అనే మాట ఒక్కసారి కూడా ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, అది శిక్ష గది అయిపోతుంది. ఇక కావాల్సిన బిడ్డ కూడా అటు వెళ్లడు.

అసలు డబ్బు ఖర్చయ్యేది, అవ్వాల్సింది గ్రౌండ్‌లో. తోసేస్తారన్న భయం మీకు ఉంది కదా, ఆ తోపులాట ఎక్కడ జరుగుతుందో గమనించండి. మెట్ల దగ్గర, జారుడుబల్ల ఎక్కే చోట, కుళాయి దగ్గర. అంటే దారి ఇరుకైన చోట. అక్కడ వెడల్పు చేస్తే సగం తగ్గుతుంది.

పాప వీల్‌చెయిర్ గ్రౌండ్‌లోకి ఎలా దిగుతోంది? ఇద్దరు ఎత్తి దింపుతున్నారా? మన వైపు వానలకు అరుగు ఎత్తుగానే కడతాం, ఒకటిన్నర అడుగు అనుకుందాం. కేంద్రం 2021లో ఇచ్చిన అందుబాటు ప్రమాణాల ప్రకారం ర్యాంపు 1:12 కంటే, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కంటే, నిటారుగా ఉండకూడదు. ఒకటిన్నర అడుగు ఎక్కడానికి 18 అడుగుల పొడవు కావాలి. మేస్త్రీలు ఆరడుగుల్లో ముగించేసి ర్యాంపు అయిపోయిందంటారు. దాని మీద వీల్‌చెయిర్ జారుతుంది, తోసే ఆయా నడుము పట్టేస్తుంది. జాగా చాలకపోతే వరండా పక్కగా మలుపు తిప్పండి. మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదరం వదలండి. పక్కలకు పిట్టగోడ, పట్టుకునే కడ్డీ. తలుపులు మూడడుగుల వెడల్పు రావాలి, గడపలు తీసేయించండి లేదా రెండు వైపులా వాలుగా చేయించండి. ర్యాంపు పూర్తయ్యాక చూడండి, అందరికంటే ఎక్కువ దాని మీద పరుగెత్తేది మిగతా పిల్లలే. కంగారు పడకండి, అంత వెడల్పు ముందే పెట్టించండి.

అక్కడి నుంచి చెట్టు కింద దాకా నాలుగైదు అడుగుల వెడల్పున గట్టి బాట. ఇసుక గుంటలోకి వీల్‌చెయిర్ వెళ్లదు కాబట్టి, ఇసుకనే బల్ల మీదికి ఎక్కించండి. సిమెంటు తొట్టిలా, కింద పాప మోకాళ్లు దూరేంత ఖాళీతో. ఎత్తు ఎంతో పుస్తకం చూసి పెట్టించొద్దు, పాపను కుర్చీలో కూర్చోబెట్టి మోకాళ్ల దగ్గర టేపుతో కొలవండి. గోదావరి ఇసుక జల్లించి పోయండి. రాత్రిళ్లు మూత వేయండి, పిల్లులు పాడుచేస్తాయి. దానికి రెండు వైపులా నేల మీద పిల్లలు నిలబడి ఆడగలిగేలా ఉండాలి. అప్పుడు ఆ పాప మధ్యలో ఉంటుంది.

ఊయల విషయంలో వీల్‌చెయిర్‌ను ఎక్కించే ఇనుప ఊయల ఎవరైనా చూపిస్తే వద్దనండి. బరువైన ఇనుము, పక్క నుంచి పరుగెత్తే పిల్లలకు ప్రమాదం. పైగా ఆ ఒక్క పాపే ఊగాలి. గుండ్రటి వల ఊయల పెట్టించండి. అందులో ముగ్గురు పడుకుని ఊగొచ్చు, నడుము నిలపలేని బిడ్డ కూడా స్నేహితుల మధ్య ఊగొచ్చు. ఆటిజం బాబుకు ఆ ఊపు, ఒంటికి తగిలే వల ఒత్తిడి చాలా ఇష్టం కావచ్చు. స్టాండు వెల్డింగ్ షాపులో చేయించి, కాళ్లు కాంక్రీటులో దింపాలి. గదిలో ఫ్యాన్ హుక్కుకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఊయల కట్టకండి. గట్టిగా ఊగేటప్పుడు హుక్కు మీద పడే లాగుడు బిడ్డ బరువుకు రెండింతలు దాటుతుంది. ఫ్యాన్ హుక్కు దానికోసం పెట్టింది కాదు.

జారుడుబల్ల ప్లాస్టిక్‌ది కొంటామంటే ఇంప్లాంట్ బాబును గుర్తుచేసుకోండి. ప్లాస్టిక్ మీద జారితే ఒంట్లో స్టాటిక్ విద్యుత్తు పుడుతుంది, అది ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కు చెవి బయట పెట్టుకునే భాగం) సెట్టింగులను చెడగొట్టే అవకాశం ఉంది. కొత్త మోడళ్లలో రక్షణ ఎక్కువే, అయినా వాళ్ల ఆడియాలజిస్టును (వినికిడి నిపుణులను) అడగండి. ముందు జాగ్రత్తగా ప్రాసెసర్ తీసి జారమంటారు. తీస్తే బాబుకు ఏమీ వినిపించదు, కాబట్టి “ఆగు”, “రా” అనడానికి చేతి సైగలు క్లాసంతా నేర్చుకోవాలి. పిల్లలు ఒక్క రోజులో నేర్చేసుకుంటారు. స్టీలు బల్ల అయితే మన ఎండలకు తొడలు కాలతాయి. నన్నడిగితే పాత మునిసిపల్ పార్కుల్లో ఉండే సిమెంటు జారుడుబల్ల, నున్నటి మొజాయిక్‌తో, ఇద్దరు పక్కపక్కన జారేంత వెడల్పుగా, చెట్టు నీడలో కట్టించండి. స్టాటిక్ గొడవ లేదు, తరతరాలు ఉంటుంది. ఎక్కే చోట, దిగే చోట అడుగు లోతు ఇసుక. పాత టైర్లతో ఆటవస్తువులు చేయిస్తే అవీ నీడలోనే ఉండాలి. ఫిట్స్ పాప ఎక్కడానికి, నీళ్ల ఆటకు వెళ్లినప్పుడు పక్కన ఒక పెద్దవాళ్లు ఉండాలి, అంతే. ఆడొద్దని ఆపకండి.

చెట్ల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నాను. గోడ పక్కన నడుం ఎత్తు తొట్లలో తులసి, మరువం, దవనం, వామాకు, నిమ్మగడ్డి వేయండి. నలిపి వాసన చూడటం, నీళ్లు పోయడం పిల్లలకు పెద్ద పని. గన్నేరు, ఉమ్మెత్త ఉంటే ఈ వారమే పీకించేయండి, రెండూ విషమే. ఆఫీసులో అందానికి పెట్టే డిఫెన్‌బాకియా కూడా పిల్లలకు అందకూడదు, ఆకు నమిలితే నోరు వాస్తుంది.

ఆటలు కొనక్కర్లేదు, అవి మీ దగ్గరే ఉన్నాయి. ఉప్పుమూటలో ఒంటికి ఒత్తిడి, బరువు మోసే పని రెండూ ఉన్నాయి. ఒప్పులకుప్పలో గిరగిరా తిరగడం ఉంది. చెమ్మచెక్కలో రెండు చేతులూ ఒక లయలో పనిచేస్తాయి. థెరపిస్టులు చేయించేవి చాలావరకు ఇవే, పేర్లు వేరు. వీరీ వీరీ గుమ్మడిపండులో కళ్లు మూసే పెద్దగా వీల్‌చెయిర్ పాపను కూర్చోబెట్టండి, ఆట మొత్తం ఆవిడ చేతిలో ఉంటుంది. ఆటిజం బాబుకు ముఖం మీద చెయ్యి పడితే నచ్చకపోవచ్చు, వాడికి కళ్లు తనే మూసుకునే వీలివ్వండి. బరువు మోయడం కూడా ఆటే. నీళ్ల క్యాన్లు తోసుకెళ్లడం, పుస్తకాల సంచులు పక్క క్లాసుకు చేర్చడం, బంకమట్టి పిసకడం. కుదురుగా కూర్చోలేని పిల్లలకు పాఠానికి ముందు ఇలాంటి పని పదినిమిషాలు ఇచ్చి చూడండి.

చేతితో తడిమి ఆడే డబ్బాల్లో బియ్యం, పప్పులు పోస్తుంటారు. మన ఇళ్లలో తిండి గింజలు కింద పోసి ఆడటం పెద్దవాళ్లకు బాధ కలిగిస్తుంది, ఆ బాధలో న్యాయం ఉంది. ఇసుక, చింతపిక్కలు, గులకరాళ్లు, బట్ట ముక్కలు, ఎండుటాకులు చాలు. చింతపిక్కలు, గులకరాళ్లు మూడేళ్లు దాటిన వాళ్లకే, అదీ ఇంకా అన్నీ నోట్లో పెట్టుకునే అలవాటు లేకుంటేనే. లేకపోతే గొంతులో అడ్డం పడతాయి. నీళ్లలో ఉబ్బే రంగురంగుల జెల్ పూసలు మాత్రం బడి గేటు దాటి రానివ్వకండి. మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డుపడతాయి, ఆపరేషన్ దాకా వెళ్లిన పిల్లలున్నారు. జిగురుగా, జారుడుగా కావాలంటే ఉడికించిన సగ్గుబియ్యం కాసిని వాడండి. నీళ్ల తొట్టి ఏ రోజుకారోజు ఖాళీ చేయించండి, దోమల సంగతి మీకు చెప్పాలా. బాల్ పూల్ కూడా నాకు ఇష్టం లేదు. వందల బంతులు వారం వారం సబ్బుతో కడిగి ఆరబెట్టేది ఎవరు? కడగకపోతే డేకేర్ పసివాళ్ల లాలాజలం అంతా అందులోనే.

ఇక “నలుగురి కోసం అంత ఖర్చా” అన్నవాళ్లకు ఏం చెప్పాలి? పైన చెప్పినవన్నీ మళ్లీ చూడండి. ప్రతిధ్వని తగ్గిన క్లాసు, అదరని లైటు, జారని బాత్రూమ్, నీడలో జారుడుబల్ల, వల ఊయల. ఇవి 140 మందివీ. తల్లిదండ్రుల్ని ఒక సాయంత్రం పిలిచి గదులు చూపించండి, పాత గదిలోనూ కొత్త గదిలోనూ చప్పట్లు కొట్టించండి. చెప్పడం కంటే అదే బాగా అర్థమవుతుంది. ఇంకా వినకపోతే చట్టం మాట చెప్పొచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడీ వికలాంగ పిల్లలకు తోటి పిల్లలతో కలిపి చదువు, ఆటలు అందించాలి. ఆటలు అన్న మాట చట్టంలోనే ఉంది. ఆ నలుగురినీ మూడింటికి విడిగా కూర్చోబెట్టడం ఆ మాటకు కూడా సరిపోదు.

డబ్బు సంగతి. నాలుగు లక్షల్లో ముందు ర్యాంపు, బాట, బాత్రూమ్. తర్వాత ఒకటి, రెండు తరగతుల్లో శబ్దం, అన్ని గదుల్లో లైట్లు. ఆ తర్వాత ఇసుక బల్ల, ఊయల, జారుడుబల్ల. ప్రశాంతమైన మూలకు పెద్దగా ఏమీ కాదు. లక్ష రూపాయలు మాత్రం ముట్టకుండా రిపేర్లకు, టీచర్లూ ఆయాల శిక్షణకు పక్కన పెట్టండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) 1984 నుంచి ఈ పనిలోనే ఉంది, వాళ్ల శిక్షణల గురించి రాసి కనుక్కోండి. మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి ఐఈఆర్పీ టీచర్‌ను (ఈ పిల్లల కోసమే ఉండే రిసోర్స్ టీచర్‌ను) ఒకరోజు బడికి పిలిచి గ్రౌండ్ చూపించండి. విశాఖ బీచ్ రోడ్డులోని ఆల్ ఎబిలిటీస్ పార్కుకు మీ మేస్త్రీని కూడా వెంటబెట్టుకుని వెళ్లి రండి. బెంగళూరులో కొందరు తల్లిదండ్రులు కిలికిలి అనే సంస్థ పెట్టి, నగరపాలక సంస్థతో కలిసి మామూలు పార్కుల్లోనే ఇలాంటి చోట్లు ఏర్పాటు చేయించారు, వాళ్ల అనుభవం కూడా తెలుసుకోండి.

బబుల్ ట్యూబ్ మీద నాకు కోపం లేదు. పిల్లలకు అది చాలా నచ్చుతుంది. అన్నీ అయ్యాక డబ్బు మిగిలి, దాత ఎవరైనా అదే కావాలంటే, ఒక చిన్నది లైబ్రరీ మూలలో పెట్టించండి. అరచేతితో నొక్కే పెద్ద స్విచ్చు దానికి ఉండాలి, వీల్‌చెయిర్ ఎత్తులో ఉండాలి. నీళ్లు మార్చి కడిగే పని ఎవరిదో ముందే రాసి పెట్టండి.

అమెరికా వాళ్లకు ఈ ఉత్తరాన్నే పంపండి. ఫొటోలో సెన్సరీ రూమ్ కనిపించినంత బాగా ర్యాంపు కనిపించదు, నిజమే. అందుకని ఆ నలుగురి తల్లులతో కూర్చుని, ఇంట్లో వాళ్లు ఏ చప్పుడుకు భయపడతారు, ఏది తాకితే కుదుటపడతారు, ఏ ఆట అడుగుతారు అని రాసుకోండి. అది కూడా దాతలకు పంపండి. ఎందుకు చేస్తున్నారో వాళ్లకు అందులోనే తెలుస్తుంది.

అరుగు ఎత్తు, వరండా పొడవు, చెట్టు దాకా దూరం కొలిచి ఫొటోలతో పంపితే ర్యాంపు మలుపు ఎక్కడ తిప్పాలో గీసి పంపిస్తాను. సిమెంటు పని వేసవి సెలవుల్లోనే అయిపోవాలి. జూన్‌లో వానలు, అడ్మిషన్లు రెండూ ఒకేసారి మొదలైతే మేస్త్రీ దొరకడు.